పార్కు మూల గొయ్యి గారికి

మహారాజశ్రీ విజయవాడ అజిత్‌సింగ్ నగర్, మా కాలనీ పార్కు, ఈశాన్యం మూల గొయ్యి గారి సముఖానికి, ఎదురింటి రెండో అంతస్తువాడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి.

జూలై వచ్చేసింది. మళ్లీ మీ సీజనే. నిన్న వాచ్‌మన్ పలుగు పట్టుకుని మీ చుట్టూ తిరుగుతుంటే చూసి మనసు నిండిపోయింది. నేనీ కాలనీకి వచ్చి ఏడేళ్లు. మీలో కానుగ నాటారు, బాదం నాటారు, నేరేడైతే రెండుసార్లు నాటారు. మొక్క మారింది, ముఖ్య అతిథి మారాడు, ఫ్లెక్సీ మారింది. మీరు మాత్రం మారలేదు. మొక్క ఒక్కటి, పట్టుకునే చేతులు పద్నాలుగు. ఫొటో అయ్యాక నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. మేకలు మాత్రం తమ బాధ్యత ఏ ఏడూ మరవలేదు.

ఈ వనమహోత్సవాన్ని 1950లో కె.ఎం. మున్షీ గారు కేంద్ర మంత్రిగా ఉండి మొదలుపెట్టారు. ఆయన దృష్టంతా చెట్టు మీదే. పాపం, గొయ్యికి ఇంత భవిష్యత్తు ఉందని ఊహించి ఉండరు. 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చాక మీ హోదా ఇంకా పెరిగింది. అడవిని గనికో, డ్యాముకో, రోడ్డుకో ఇచ్చేస్తే బదులుగా ఇంకోచోట మొక్కలు నాటాలి. నూరేళ్ల అడవి ఒక కాగితం మీద పోతుంది, మీలాంటి గోతులు ఇంకో కాగితం మీద వస్తాయి. లెక్క సరి. ఎలుగుబంటి ఒక్కటే సామాను సర్దుకుని గోతిలోకి మారాలి.

దేశంలో మూడో వంతు నేల పచ్చగా ఉండాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. కొలిచే పద్ధతి కూడా మహా ఉదారమైనది. హెక్టారుకి తగ్గని నేలలో పది శాతం కొమ్మల కప్పు పైనుంచి కనపడితే అటవీ విస్తీర్ణం కింద రాసేస్తారు. చెట్టు ఏ జాతిదో, నేల ఎవరిదో అడగరు. ఆ లెక్కన నూజివీడులో మా మామగారి మామిడితోట కూడా అడవే. ఆ సంగతి చెప్పగానే ఆయన పాస్‌బుక్ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశారు.

మీలో ఎవరూ నాటని మొక్క ఒకటుంది, తెల్ల పొణికి. మనకి ఆ పక్కనే కొండపల్లి కొండల్లో పెరిగేది. మెత్తన, తేలిక, ఉలి చెప్పినట్టు వింటుంది. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి బొమ్మ చేస్తారు. ఇప్పుడు ఆ చెక్క దొరకడమే కష్టమైపోయింది. పోనీ చింతగింజలన్నా ఉన్నాయా అంటే, రోడ్డు పక్కన చింతలు రోడ్డు వెడల్పులో వెళ్లిపోయాయి. మా షోకేసులో కొండపల్లి తాటిచెట్టు ఉంది, ఎక్కే గీత కార్మికుడితో సహా. పాతికేళ్లలో నీళ్లు అడగలేదు, ఒక్క ఆకు రాల్చలేదు. మా కాలనీకి కావలసిన చెట్టు సరిగ్గా అలాంటిదే.

ఆకు రాల్చిందనేగా మా వీధి వేపని కొట్టించింది! కొత్త కారు మీద పడుతోందని ఒకాయన, గేటుకి ఎదురై వాస్తు చెడుతోందని ఇంకొకాయన. రంపం మెషిన్ వచ్చింది, మధ్యాహ్నం భోజనాల వేళకి పని అయిపోయింది. ఇప్పుడు ఆ కారాయన నీడకి రేకుల షెడ్డు వేయించి, పగలంతా ఏసీలో కూర్చుని, బెజవాడ బ్లేజ్‌వాడ అయిపోయిందని బాధపడుతున్నాడు.

నేనేమీ ఋషిని కాదు లెండి. సాయంత్రమైతే బండి దగ్గర పునుగులు పడాల్సిందే. అవి వేగేది పామాయిల్లో. మన దేశానికి వచ్చే పామాయిల్లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాలది. అక్కడ ఎన్నో తోటలు ఒకప్పుడు ఒరాంగుటాన్లు తిరిగిన అడవి. ప్రపంచంలో అడవి పోవడానికి కలప కంటే సాగూ మేతా పెద్ద కారణాలు. అంత దూరపు అడవి అల్లం చట్నీతో ఇంత చవగ్గా దొరకడం మా అదృష్టం.

2024 సెప్టెంబరు మీకు గుర్తుండే ఉంటుంది. బుడమేరు వాగు పొంగి వచ్చి మిమ్మల్నీ రోడ్డునీ ఒకటి చేసింది. మీరెక్కడున్నారో కూడా తెలియలేదు. చెట్లు కొట్టడం వల్లే అంటే అన్యాయమవుతుంది. వాన విపరీతంగా పడింది, గట్లు తెగాయి, వాగు దారిలో మేం ఇళ్లు కట్టుకున్నాం. కాకపోతే చెట్లున్న కొండ వానని తాగి నింపాదిగా వదులుతుంది, బోడికొండ పడ్డది పడ్డట్టు మట్టితో సహా కిందికి తోస్తుంది. శ్రీశైలం జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 చిల్లర. మిగతా చోటంతా ఎగువ నుంచి వచ్చిన పూడికదే. ఆ వరదలో మీలోకీ జానెడు ఒండ్రు చేరింది. ఈ ఏడేళ్లలో మీకు ఎరువంటూ అందింది అదొక్కటే.

వచ్చే శనివారం పదింటికి కార్యక్రమం. ఈసారి వేప మొక్కట, మా వీధి చెట్టుకి బదులుగా. ముఖ్య అతిథికి పార అందించేది కారాయనే. కాస్త లోతు తక్కువగా ఉండండి, అతిథి గారికి నడుం నొప్పి. మీ ట్రీగార్డు మీద ఆరేసిన మా బనియన్లు శుక్రవారం సాయంత్రమే తీసేస్తాను.

ఇట్లు,
మీ ఎదురింటివాడు