నాస్తికునికి ఏమీ కాలేదు: తక్షణ చర్యలు అవసరం

భక్తులు నాస్తికుణ్ణి చూస్తే ఎందుకు ఉలిక్కిపడతారంటే, దేవుణ్ణి తిడతాడు గనుక అని చాలామంది చెప్తారు. ఇది తప్పుడు నిర్ధారణ. దేవుణ్ణి తిట్టడంలో భక్తులను మించినోళ్లు లేరు. వానలు పడకపోతే శివుణ్ణి గర్భగుడిలోనే నీళ్లలో ముంచి ఉంచే ఊళ్లు మనవి. బిడ్డకు సంబంధం కుదరకపోతే వేములవాడ రాజన్నను నిలదీసేది కోడె కట్టిన భక్తుడే. నాస్తికునికి ఆ సౌకర్యం లేదు. ఎదుట ఎవరూ లేరనుకున్నాక తిట్టేది ఎవరిని?

అసలు ఇబ్బంది వేరే ఉంది. నాస్తికునికి ఏమీ కాదు.

హన్మకొండలో ఏ గల్లీనైనా తీసుకోండి. వినాయక మండపానికి ఇంటికి 1,116 రూపాయలని కమిటీ తీర్మానిస్తుంది. రశీదు బుక్కు పట్టుకొని ఐదుగురు పోతే, "నాకు నమ్మకం లేదన్నా, చందా ఇయ్య, చాయ్ తాగిపోండ్రి" అంటాడు నాస్తికుడు. చందా ఇయ్యకపోవడం పెద్ద నేరం కాదు, బాకీలు పెట్టే భక్తులు ప్రతి గల్లీలో ఉంటారు. కానీ తెల్లారి అతని బండి ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. 1,116 ఇచ్చినాయన బండి అదే పొద్దున పంక్చరై ఉంటుంది. ఈ రెండు బండ్లను పక్కపక్కన చూసిన కోశాధికారి మానసిక స్థితి గురించి మన మేధావులు ఎన్నడూ రాయలేదు.

మామూలుగా భక్తి లెక్కలు ఎటుతిరిగీ సరిపోతాయి. భక్తుడు కోలుకుంటే మొక్కు ఫలం, కోలుకోకపోతే కర్మఫలం. నాస్తికునికి జ్వరమొస్తే శిక్ష, రాకపోతే పూర్వజన్మ పుణ్యం ఇంకా మిగిలుందన్నమాట. చిక్కంతా ఆ మిగులు ఎనభై ఏండ్లు దాటినా ఖర్చు కాకపోతేనే.

నాస్తికుడు వాదించినన్నాళ్లు ప్రమాదం లేదు. వాదిస్తే జనం నిద్రపోతారు. చేసి చూపిస్తేనే ముప్పు. హేతువాదులు ఊళ్లల్ల చేసే అగ్గిపుల్ల లేని హోమం చూడండి. గుండంలో ముందే పొటాషియం పర్మాంగనేట్ చల్లి ఉంటుంది, పైనుంచి నెయ్యిలాగా పోసేది గ్లిజరిన్. కాసేపాగి పొగ, ఆ వెంటనే భగ్గుమని మంట. చలికాలం గ్లిజరిన్ చిక్కబడి మంట ఆలస్యమవుతుంది, పలుకులు మెత్తగా నూరకపోయినా అంతే. అలాంటప్పుడు మంత్రం పొడిగించాలి. మంత్రాల నిడివికి సంబంధించి ఇంత స్పష్టమైన కారణం ఏ పురోహితుడూ చెప్పలేదు.

నిప్పుల మీద నడక ఇంకా ఘోరం. కొమురవెల్లి మల్లన్న అగ్నిగుండాల్లో భక్తులు నిష్ఠతో నడుస్తారు. కట్టె పూర్తిగా కాలి, మంట అణిగి, నిప్పుల మీద బూడిద పొర కట్టాక నడక మొదలవుతుంది. వేడి ఐదారు వందల డిగ్రీలున్నా బొగ్గు తేలిక, ఆ వేడిని కాలికి అందించడంలో మహా బద్ధకం, పైగా బూడిద అడ్డం. ఒక్కో అడుగు అర సెకను కూడా ఆనదు. చెడేదెక్కడంటే, మధ్యలో ఆగి దండం పెట్టినా, భయపడి పరుగెత్తి కాలు లోతుగా దిగబడినా, వేళ్ల సందున నిప్పు ఇరుక్కున్నా, కట్టెలో మేకున్నా బొబ్బలు ఖాయం. ఇనుముకు బొగ్గులాంటి బద్ధకం ఉండదు మరి. ఈ నియమాలు దీక్షాపరునికీ దీక్ష లేనివానికీ ఒక్కటే. (ఇది చదివి ఇంటి వెనక గుండం తవ్వేవాళ్లకు ఈ వ్యాసం బాధ్యత వహించదు.)

ఇప్పుడు నాస్తికుడు రాత్రి మటన్ తిని, పొద్దున స్నానం కూడా చేయకుండా అదే నిప్పుల మీద నడిచి, నల్లా కింద కాళ్లు కడుక్కొని చాయ్ హోటల్‌కు పోయాడనుకోండి. నెలంతా ఒక్కపొద్దులుండి నడిచిన భక్తుడు తన కాళ్లు చూసుకుంటాడు, అతని కాళ్లు చూస్తాడు. నెల రోజుల మటన్ లెక్క మదిలో మెదుల్తుంది. దీన్ని మనోభావం అనక ఏమంటారు?

శాస్త్రవేత్తలూ భక్తుల పక్షానే ఉన్నారు. 2015లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, నాస్తికత్వం గురించి ఆలోచించి రాయమన్న విద్యార్థుల మదిలో, తమ చావు గురించి రాసినవాళ్లకు మెదిలినంతగానే చావు తలపులు మెదిలాయి. అంటే మన గల్లీ నాస్తికుడు నోరు విప్పకుండానే యముని పని చేస్తున్నాడు. 2012లో ఇంకో పరిశోధన విరుగుడు కూడా కనిపెట్టింది: పోలీసులు బాగా పనిచేస్తున్నారని గుర్తుచేస్తే భక్తులకు నాస్తికుల మీద అపనమ్మకం తగ్గుతుందట. దేవుని చూపు లేనివాని మీద కనీసం ఎస్సై చూపైనా ఉందన్న ధీమా కావచ్చు. ప్రతి మండపం పక్కన పోలీసులెందుకుంటారో ఇప్పుడర్థమైంది.

భద్రకాళి గుడికి పోయేవాళ్లకూ, కాజీపేట దర్గాకు పోయేవాళ్లకూ, ఫాతిమానగర్ చర్చికి పోయేవాళ్లకూ ఏకాభిప్రాయం కుదిరే విషయం ఇదే. పక్క మతంవాడు వేరే ఆఫీసులో దరఖాస్తు పెట్టుకున్నాడు, వీడు దరఖాస్తే పెట్టలేదు. ఇంతకీ వీళ్లెంతమంది? 2011 జనాభా లెక్కల్లో నాస్తికులమని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 33,304 మంది. అంటే సుమారు 36 వేల మందికి ఒకరు. ఆ లెక్కన ఓరుగల్లు నగరం వాటాకు ఇరవై చిల్లర. మూడు సెవెన్ సీటర్ ఆటోల్లో, కొంచెం ఇరుక్కుంటే, సరిపోతారు. వీళ్ల కోసం 2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రం దరఖాస్తులో 'కులం లేదు, మతం లేదు' అనే గడి పెట్టమంది. ముప్పు ఆటోల నుంచి కాగితాల దాకా వచ్చిందన్నమాట.

చట్టం సాయం అంతంతే. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేండ్ల దాకా జైలు ఉంది గానీ, ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానించినట్టు రుజువు కావాలి. చందా ఇయ్యకుండా ఆరోగ్యంగా ఉండటం ఏ సెక్షన్ కిందికీ రాదు. కాబట్టి సవరణ తేవాలి. నాస్తికుడు ఏడాదికి ఒక్కసారైనా తగుమాత్రం జబ్బుపడి, పెద్దాసుపత్రి చీటీని గల్లీ కమిటీకి సమర్పించాలి. పంక్చరైతే సగం మార్కులు. మండపానికి సీరియల్ లైట్లు వేసే ఎలక్ట్రీషియన్ నాస్తికుడైన చోట మాత్రం నిమజ్జనం అయ్యేదాకా సవరణను వర్తింపజేయరాదు. వైరింగ్ మధ్యలో ఉంది.