గులాబీలు అచ్చుకి అంటుకుంటే

క్రిస్మస్‌కి పువ్వు అచ్చుతో నూనెలో వేయించే పిండివంట గులాబీలు. అవి అచ్చు వదలకపోతే మైదా పెంచమన్నారు ఒక వంటల వ్యాసంలో. తప్పు మైదాది కాదండీ. కొత్త అచ్చుని ఒక రాత్రి గంజిలో నానబెట్టి, కడిగి ఆరబెట్టి, కాగే నూనెలో పది నిమిషాలుంచాలి. పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. పైఅంచు మునిగితే పువ్వు ఊడదు. అచ్చు చల్లారితే పిండి పట్టదు, మరీ కాలితే ముంచగానే జారిపోతుంది.

చెన్నైలో డిసెంబరు తేమకి, వేయించిన గులాబీలు పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి.

గుడ్డు తినని పొరుగువారికి వేరే పిండి: రెండు కప్పుల బియ్యప్పిండి, అర కప్పు మైదా, అర కప్పు చక్కెర, చిక్కటి కొబ్బరిపాలు. నూనె కూడా వేరే. మన తిండితో ఎదుటివారిని నొప్పించొద్దని బైబిల్లో రోమా పత్రిక 14వ అధ్యాయం చెప్పేదీ ఇలాంటిదే. ఇక పండగ బట్టలంటారా, చర్చికి పట్టు సరే. పొయ్యి దగ్గర మాత్రం నూలు చీరే, సింథటిక్ వద్దు.