అయిదు వందల డాలర్ల లోపు రైఫిల్ స్టాక్ దండగ అనే మాటలో నిజమెంత?

అమెరికాలో వేట కోసమో, రేంజిలో సాధన కోసమో రైఫిల్ కొనుక్కున్న మనవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. 500 డాలర్ల లోపు స్టాక్ కొంటే డబ్బు దండగేననీ, ఖరీదైనది బిగిస్తే గ్రూప్ (ఒకే గురికి కాల్చిన తూటాలు పడిన చోట్ల మధ్య దూరం) సగానికి తగ్గుతుందనీ, కంపెనీ ఇచ్చే ప్లాస్టిక్ స్టాక్‌తో గురి కుదరదనీ, పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు ఎలాగూ తిరిగి వస్తుందనీ దాని సారాంశం. ఇక్కడ స్టాక్ అంటే బ్యారెల్‌నూ, తూటాను లోపలికి నెట్టి పేల్చే యాక్షన్ అనే యంత్రభాగాన్నీ పట్టి ఉంచి, మడమ అనే వెనుక చివరతో భుజానికి ఆనే భాగం. శావేజ్ యాక్సిస్ వంటి చవక రైఫిల్ కొన్నవారు ఈ సలహా పాటిస్తే, స్టాక్ ఖర్చే రైఫిల్ ధరను మించిపోవచ్చు.

గ్రూప్ సగానికి తగ్గడం అన్న మాటనే ముందు చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దానిమీదే నిలబడ్డాయి. స్టాక్ మార్చేవారు యాక్షన్‌ను స్టాక్‌కు బిగించే స్క్రూలను విప్పి మళ్లీ బిగిస్తారు. చాలామంది వాటిని కొలత ప్రకారం బిగించేది ఆ రోజే మొదటిసారి. వదులు స్క్రూల వల్ల చెదిరిన గురి అలా సర్దుకుంటే, ఆ పేరు కొత్త స్టాక్‌కు దక్కుతుంది. పైగా ముందు మూడు తూటాలు, తరువాత మూడు తూటాలు కాల్చి పోల్చితే తేలేది చాలావరకు అదృష్టమే. అదే మందుగుండుతో అయిదేసి తూటాల గ్రూపులు కొన్నయినా కాల్చి చూడాలి. కాబట్టి ముందు కొనవలసింది టార్క్ డ్రైవర్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్క్రూడ్రైవర్; తయారీదారు చెప్పిన అంగుళ-పౌండ్ల కొలతకు స్క్రూలు బిగించి, ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.

ప్లాస్టిక్ మీద వేసిన నిందలో కొంత నిజం లేకపోలేదు. స్టాక్ పలుచని ముందుభాగం బైపాడ్ (రెండు కాళ్ల ఆసరా) మీద బరువు పడగానే వంగి బ్యారెల్‌ను తాకితే, తూటా పడే చోటు మారుతుంది. కానీ ఫిన్లాండ్‌లో సాకో సంస్థ తయారుచేసే టిక్కా టీ3ఎక్స్ లైట్ ప్లాస్టిక్ స్టాక్‌తోనే వస్తుంది, అయినా మూడు తూటాలకు ఒక ఎంఓఏ (వంద గజాల దూరంలో సుమారు ఒక అంగుళం) గ్రూప్ వస్తుందని ఆ సంస్థ హామీ ఇస్తుంది. రూగర్ అమెరికన్ ప్లాస్టిక్ స్టాక్‌లో యాక్షన్ కూర్చోవడానికి స్టీలు దిమ్మెలు అమర్చి ఉంటాయి. అంటే గురిని నిర్ణయించేది యాక్షన్ కూర్చునే తీరూ, బ్యారెల్ చుట్టూ ఉండే ఖాళీయే కాని పదార్థం పేరు కాదు. ఖాళీ చేసిన రైఫిల్ బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య డాలర్ నోటు దూర్చి లాగి చూడండి. మధ్యలో తట్టుకుంటే రెండు డాలర్ల గరుకు కాగితంతో స్టాక్‌లో బ్యారెల్ కూర్చునే గాడిని వెడల్పు చేసుకోవచ్చు. కొన్ని రెమింగ్టన్ 700 మోడళ్లలో స్టాక్ ముందు చివర బ్యారెల్‌కు ఆనేలా కావాలనే ఒత్తిడి పెడతారు కనుక అక్కడ తొందరపడవద్దు.

మరి ధరలో అంత తేడా దేనికి? ఫైబర్‌గ్లాస్ గుడ్డను పొరలు పొరలుగా చేత్తో అచ్చులో పరిచి, రెసిన్ గట్టిపడేదాకా ఆగే మెక్‌మిలన్ సంస్థ తరహా పనికి కూలి ఎక్కువ, ముక్కలు తక్కువ. అచ్చులో పోసే ప్లాస్టిక్‌కు అచ్చే ఖరీదు, ముక్క మాత్రం నిమిషాల్లో వస్తుంది. సౌత్ డకోటాలోని మిచెల్ పట్టణంలో బాయిడ్స్ సంస్థ రంగు వేసిన పలుచని చెక్క పొరలను అతికించి చేసే లామినేట్ స్టాక్‌లు చవకగా దొరుకుతాయి. అవి తేమకు మామూలు వాల్‌నట్ చెక్క అంతగా వంకర పోవు, కాకపోతే బరువు ఎక్కువ. రోజంతా కొండలెక్కి వేటాడేవారికి అదొక లోపమే.

పెట్టెమీది ధర కూడా మొత్తం ఖర్చు కాదు. హ్యూస్టన్‌లో 8.25 శాతం అమ్మకపు పన్నుతో 500 డాలర్ల స్టాక్ 541.25 అవుతుంది. పాత మ్యాగజైన్ (తూటాలు ఉంచే పెట్టె) కుదరకపోతే బాటమ్ మెటల్ (స్టాక్ అడుగున ట్రిగర్ చుట్టూ అమరే లోహభాగం), కొత్త మ్యాగజైన్ అదనం. బెడ్డింగ్ (యాక్షన్ స్టాక్‌లో కదలకుండా సరిగ్గా కూర్చునేలా చేసే) పని తుపాకుల మెకానిక్‌కు అప్పగిస్తే అదీ అదనమే.

అమ్మేటప్పుడు డబ్బు తిరిగి వస్తుందన్నది మాత్రం పూర్తిగా తప్పు. పాత రైఫిల్ కొనేవాడు మన అభిరుచికి డబ్బు కట్టడు. కంపెనీ స్టాక్‌ను అటక మీద దాచుకుని, రైఫిల్‌ను దానితోనే అమ్మి, కొత్త స్టాక్‌ను విడిగా అమ్ముకోవడమే మేలు.

నేనైతే స్టాక్ మార్చమని చెప్పేది ఒక్క సందర్భంలోనే. ట్రిగర్ నుంచి మడమ దాకా ఉండే పొడవు సాధారణంగా పదమూడున్నర అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. పొట్టివారికీ, పిల్లలకూ అది ఎక్కువై తల స్కోప్ వెనుక సరిగ్గా కుదరదు. ఆ పొడవు సర్దుకునే స్టాక్ 200 డాలర్లకు దొరికితే, అది దండగ కాదు.