ఇస్త్రీ పెట్టె ఏ పక్షం?

విశ్వవిద్యాలయాలు విద్యార్థి సంఘాల ఎన్నికలకు ఇంతకాలం చేసిన వృథా ఖర్చును తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. విద్యార్థి రాజకీయంగా ఎటు మొగ్గుతాడో తెలుసుకోవడానికి గోడలనిండా పోస్టర్లు అంటించి, గొంతులు చించుకోనక్కరలేదనీ, అతని గది తలుపు తీస్తే చాలుననీ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే దారి చూపారు. వారు కుర్రకారు పడకగదులను సోదా చేయగా, సంప్రదాయవాదుల గదుల్లో క్యాలెండర్లు, తపాలా బిళ్ళలు, ఇస్త్రీ సరంజామా, విడిచిన బట్టల బుట్టలు ఎక్కువగా కనిపించాయి. ఉదారవాదుల గదుల్లో రకరకాల పుస్తకాలు, పాటల సీడీలు, దేశపటాలు, సినిమా టికెట్లు. అంతస్తు మొత్తానికి ఒకే ఇస్త్రీ పెట్టె తిప్పుకునే మన హాస్టళ్ళలో దాన్ని సంకీర్ణ ప్రభుత్వంగా లెక్కించాలి కాబోలు.

కొత్తదనం మీద మక్కువ ఉన్నవారు ఎడమకు, అంటే ఉదారవాదం వైపు, క్రమశిక్షణ మెండుగా ఉన్నవారు కుడికి, అంటే సంప్రదాయవాదం వైపు కొంత మొగ్గుతారని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఆ సంబంధం నూలుపోగంత సన్ననిది. దానితో ఏనుగును కట్టేయవచ్చునని కనిపెట్టిన ఘనత మాత్రం మావంటి వ్యాసకర్తలది.

ఇక భావోద్వేగ ప్రజ్ఞ. బెల్జియంలో 983 మంది డిగ్రీ విద్యార్థులను పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఎదుటివారి భావాలను గ్రహించడంలో, తమ భావాలను అదుపులో పెట్టుకోవడంలో తక్కువ మార్కులు వచ్చినవారు కుడిపక్షం వైపు ఎక్కువగా మొగ్గినట్టు తేలింది. ఈ ఫలితాలతో ఏ భావజాలాన్నీ తక్కువ చేయరాదని పరిశోధకులే హెచ్చరించారు. అయినా మా వామపక్ష మిత్రుడొకడు ఎదుటివాడి మనసు ఏమాత్రం పట్టించుకోకుండా ఆ వార్తను వాడి ముఖం మీదే చదివి వినిపించి, తన భావోద్వేగ ప్రజ్ఞను అక్కడికక్కడే నిరూపించుకున్నాడు.

అన్నిటికన్నా నాకు ప్రీతిపాత్రమైనది మరొక వ్యాసం. అందులోని పాత్రలు విద్యార్థులు కారు, కవలలు. కరకు స్వభావం సంప్రదాయవాదులదనీ, ఆందోళన, నలుగురి మెప్పు కోసం తపన ఉదారవాదులవనీ 2012లో ఒక పేరున్న రాజనీతిశాస్త్ర పత్రిక అచ్చువేసింది. 2016లో అదే పత్రికలో సవరణ వెలువడింది: కుడి ఎడమలకు వేసిన అంకెలు తారుమారయ్యాయి, కనుక చెప్పినదంతా సరిగ్గా తిప్పి చదువుకోవలెను. నడుమ ఈ నాలుగేళ్ళూ దాన్ని నమ్మి ఎదుటి పక్షానికి జాలితో కూడిన నమస్కారాలు పెట్టినవారు వాటిని వెనక్కి తీసుకున్న దాఖలా నాకు కనబడలేదు. తమ అసలు వాదనకు ఏ ఢోకా లేదని రచయితలు అన్నారు. ఇంతకీ ఆ అసలు వాదన ఏమిటంటే, వ్యక్తిత్వం రాజకీయ దృక్పథానికి కారణం కాదని.

శాస్త్రం మీద గౌరవంతో నిన్న నా గదిని నేనే సోదా చేసుకున్నాను. ఇస్త్రీ పెట్టె దొరికింది. అది పుస్తకాల వరుస ఒరిగిపోకుండా చివర ఆనించి ఉంది.