నాలుగు పీలు, నలుగురు మనుషులు

మార్కెటింగ్ చదివే ఎవరికైనా ముందుగా నేర్పేది నాలుగు పీలు: ప్రోడక్ట్ (సరుకు), ప్రైస్ (ధర), ప్లేస్ (అమ్మే చోటు), ప్రమోషన్ (ప్రచారం). 1960లో జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ప్రొఫెసర్ తన పాఠ్యపుస్తకంలో పెట్టిన వరస అది. మెల్‌బోర్న్ వచ్చి మాస్టర్స్ మొదలుపెట్టాక దానికి ఇంకో ఉపయోగం కూడా ఉందని తెలిసింది. మా గ్రూపులో నలుగురం. పీలు నాలుగు. పంపకాలు పది నిమిషాల్లో అయిపోయాయి.

ఓట్స్ పాలతో చేసిన కోల్డ్ కాఫీని మార్కెట్లోకి తేవాలి, అదీ మాకిచ్చిన పని. ప్రోడక్ట్ చైనా అమ్మాయి తీసుకుంది. ప్లేస్ కొలంబియా అబ్బాయికి, ప్రమోషన్ ఇక్కడే పుట్టి పెరిగిన ఇంకో అబ్బాయికి, ప్రైస్ నాకు. ఆ తర్వాత ఆరు వారాలు వాట్సాప్‌లో థంబ్సప్ బొమ్మలు తప్ప ఏమీ కదల్లేదు. గడువు రోజు రాత్రి పదకొండింటికి నాలుగు ముక్కలూ ఒక ఫైల్లో అతికించి, అక్షరాల సైజు ఒకటే చేసి పంపేశాం.

తిరిగొచ్చిన రిపోర్టు మీద ట్యూటర్ ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "ఇంతకీ మీరు అమ్మేది ఎన్ని కాఫీలు?" సీసా ఎనిమిది డాలర్లు, బాగా సంపాదించే ఉద్యోగుల కోసం అని నేను రాశాను. ప్లేస్ రాసినతను దాన్ని తీసుకెళ్లి కాలేజీ వెండింగ్ మెషీన్లలో పెట్టాడు. ప్రమోషన్ చూసినతనేమో చిన్నపిల్లల తల్లులకు ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు తయారు చేశాడు. ఎవరి ముక్క వారిది చక్కగానే ఉంది.

గ్రూపు ప్రాజెక్టు అనగానే మనవాళ్లు చెప్పే కష్టం ఒకటే: ఒకరు చాకిరీ చేస్తారు, ముగ్గురు మార్కులు పట్టుకుపోతారు. అది అబద్ధమని అనను. కానీ మా నలుగురిలో ఎవరూ పని ఎగ్గొట్టలేదు. అయినా మునిగాం. అందుకే నా ఫిర్యాదు బద్ధకస్తుల కంటే ముందు పంపకాల మీద.

ఈ నాలుగు పీలనూ కలిపి మార్కెటింగ్ 'మిక్స్' అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. 1948లో జేమ్స్ కల్లిటన్ అనే అమెరికన్ పరిశోధకుడు వ్యాపారం నడిపేవాణ్ణి దినుసులు కలిపేవాడితో పోల్చాడు. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే నీల్ బోర్డెన్ ఆ పోలిక నుంచే ఈ పేరు తీశాడు. మన భాషలో చెప్పాలంటే పులిహోర. ఒకరు అన్నం వండి, ఒకరు చింతపండు పులుసు ఉడికించి, ఇంకొకరు పోపు వేయించి, మూడు గిన్నెలూ పక్కపక్కన పెడితే దాన్ని ఎవరూ పులిహోర అనరు. కలిపే చెయ్యి కావాలి, ఉప్పు చాలిందో లేదో చూసే నాలుక కావాలి. మార్కులు వేసే పట్టికలో రీసెర్చికి ఇన్ని, భాషకి ఇన్ని, స్లైడ్లకి ఇన్ని అని ఉంది. కలిపినందుకు మాత్రం ఒక్క మార్కూ లేదు.

ఇక బద్ధకం సంగతి. ఊళ్లోవాళ్లంతా రాత్రికి తలా ఒక బిందెడు పాలు తెచ్చి తొట్టిలో పోయాలని రాజు చాటింపు వేయిస్తే, తెల్లారేసరికి తొట్టి నిండా నీళ్లున్న కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. దాన్నే రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు. 1913లో అచ్చయిన ఆ లెక్కల్లో, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి నుంచి వచ్చిన బలం ఒంటరిగా లాగినప్పటి దాంట్లో సగమే. 1979లో అమెరికాలో ఒక పరిశోధకుల బృందం కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి విద్యార్థుల చేత అరిపించి చూసింది. తమతోపాటు ఇంకో ఐదుగురు అరుస్తున్నారని నమ్మినవాళ్లు తమ శక్తిలో ముప్పాతికకు కాస్త తక్కువే వాడారు. అదే బృందం 1981లో తేల్చింది నాకు ముఖ్యంగా తోచింది: ఎవరి గొంతు ఎంతో విడిగా తెలుస్తుందని చెబితే ఈ తగ్గుదల పోయింది. రాజుగారు చీకట్లో పొయ్యమనకుండా ఉండాల్సింది.

యూనివర్సిటీలకు ఇదంతా తెలియక కాదు. చివర్లో ఒకరికొకరు మార్కులు వేసుకోమని ఒక ఫారం ఇస్తారు. కానీ దాన్ని తయారు చేసినవాళ్లకు మొహమాటం అంటే ఏమిటో తెలిసినట్టు లేదు. రెండో సెమిస్టర్లో, భాష గొడవ ఉండదు కదా అని, అందరం తెలుగువాళ్లమే ఒక గ్రూపు కట్టాం. అందులో ఒకతను ఒక్క పేజీ కూడా రాయలేదు. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చెయ్యాలి. ఆ గంటలన్నీ అతనికి రాత్రి షిఫ్టులే. పగలు మీటింగ్ అంటే కూర్చున్నచోటే నిద్రపోయేవాడు. ఫారం వచ్చింది. అందరం అతనికి పదికి పది వేశాం. మేముండేది ఒకే ఇంట్లో, మా అన్నం ఉడికేది అతని కుక్కర్లో. మార్కులు కోసేసి రాత్రికి ఏ మొహం పెట్టుకుని కంచం ముందు కూర్చోమంటారు?

అందుకే ఈ ఫారాల మీద నాకు నమ్మకం లేదు. నన్నడిగితే ప్రెజెంటేషన్ రోజున ప్రశ్నలు అటూ ఇటూ మార్చి అడగాలంటాను. నా ధర గురించి ప్రమోషన్ రాసినతన్ని అడగండి, అతని ప్రకటనల గురించి నన్నడగండి. ఎవరి స్లైడ్లు వాళ్లు చదివి కూర్చునే పద్ధతి ఆ రోజుతో పోతుంది. అందరూ అన్నీ చదివి రావాల్సిందే.

మన అసోసియేషన్ ఉగాదికి నేను వడ్డనకు వెళ్లాను. అక్కడ ఫారం లేదు, ట్యూటర్ లేరు. ఆ రాత్రి షిఫ్టుల అబ్బాయే తెల్లవారుజామున డ్యూటీ దిగి నేరుగా వచ్చి, రెండు వందల మందికి కుర్చీలు వేశాడు. ఎవరు ఏ మూల ఏం చేస్తున్నారో హాల్లో అందరికీ కనిపిస్తుంది. పచ్చడి చేసిన ఆంటీ ప్రతి పది నిమిషాలకూ గరిటె ముంచి రుచి చూస్తూ, "బెల్లం ఇంకాస్త పడాలమ్మా" అంటూనే ఉన్నారు.

ఒక సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ కాఫీ రిపోర్టుకి కొలంబియా అబ్బాయి రాస్తున్న ముక్కలో వెండింగ్ మెషీన్ల మాట గడువుకు రెండు వారాల ముందే చూశాను. ఎనిమిది డాలర్ల సీసా అక్కడ ఎవరు కొంటారని అనిపించింది కూడా. ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలో తోచలేదు, పైగా అతని భాగంలో వేలు పెట్టడం ఎందుకనుకున్నాను. థంబ్సప్ బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

రేపు సాయంత్రం కొత్త గ్రూపుతో మొదటి మీటింగ్. ఈసారి ఐదుగురం. పీలన్నీ మీరే పంచుకోండి, కలిపే పని నాకివ్వండి అని అడుగుదామనుకుంటున్నాను, ఆ టైముకి మొహమాటం అడ్డు రాకపోతే.