ఐపీ68 గారికి ఒక తడిసిన విన్నపం

ఫోను పెట్టెల మీద దుమ్ము, నీటి రక్షణకు గుర్తుగా వెలసిన మహారాజశ్రీ ఐపీ68 గారి సముఖమునకు, శ్రీకాకుళం నుండి వానలో ఫోటోలు తీసే వ్యసనమున్న ఒక విధేయుడు నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టవలసినదే గాని, కుశలం ప్రస్తుతానికి మీ పక్షాననే ఉంది.

మీ పేరులోని ఆరును బట్టి దుమ్ము లోపలికి పోదట, ఎనిమిదిని బట్టి తయారీదారు చెప్పిన లోతులో, చెప్పినంతసేపు నీట మునిగినా భయం లేదట. ఆ పరీక్ష కొత్త ఫోనుకు, ప్రయోగశాలలో, కదలని మంచినీటిలో జరుగుతుంది. వంశధార సముద్రంలో కలిసే మా కళింగపట్నంలో వాన పైనుంచి కురిసి ఊరుకోదు. గాలి దాన్ని అడ్డంగా కొడుతుంది, అలల తుంపర అందులో ఉప్పు కలుపుతుంది, ఎండలకు కాగి, చేతులు జారి కిందపడిన ఫోను అంచుల్లోని జిగురు అప్పటికే సడలి ఉంటుంది. ఈ వానకు మీ వద్ద అంకె ఏదీ లేదు.

పోనీ, నీరు లోపలికి రాలేదనే అనుకుందాం. ఎదురువెలుగులో మెరిసే చినుకులను గాలిలో నిలబెట్టడానికి షట్టరు వేగాన్ని సెకనులో 500వ వంతుకు మార్చబోతే, తెర మీద పడ్డ ప్రతి చినుకూ తానూ ఒక వేలే అనుకుని ముందు కెమెరాను తెరుస్తుంది. లైట్‌హౌస్ ఉండవలసిన చోట నా తడిముఖం ప్రత్యక్షమవుతుంది. నీటిని ఆపుతామన్నారే గాని, నీరే ఫోటోలు తీయడం మొదలుపెడితే ఏం చేయాలో మీరు సెలవివ్వలేదు.

అన్నిటికన్నా నన్ను ముగ్ధుణ్ణి చేసినది ఫోను లోపల అతికించిన చిన్న తెల్లని చీటీ. నీరు తగిలితే అది ఎర్రబడుతుంది. సర్వీసు సెంటరు కుర్రవాడు సిమ్ము పెట్టే సందులోకి లైటు వేసి, ఆ ఎరుపు చూసి, నీటివల్ల కలిగిన నష్టం వారంటీలోకి రాదని ఎంతో మర్యాదగా చెబుతాడు. నీరు రాదని పెట్టె మీద ప్రమాణం చేసి, వస్తే చాడీ చెప్పడానికి లోపల మనిషిని పెట్టుకునేటంత ముందుచూపు మా పాతకాలపు కరణాలకు కూడా లేదు.

ఇడ్లీ పార్శిలు వచ్చిన ప్లాస్టిక్ కవరుకు లెన్సు పట్టేంత చిల్లు పెట్టి, రబ్బరుబ్యాండు బిగించి వాడుకుంటున్నాను. అది ఏదీ ఇస్తానని అనలేదు గనుక ఎగవేసినదీ లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటిన జిల్లా మాది. మాకు వానకు కొదవ లేదు. ఈసారి ముసురు పట్టగానే కబురు చేస్తాను, మీ పరీక్షను కళింగపట్నంలో జరిపించగలరు. తొట్టె అక్కరలేదు, నీళ్లు మేమే సమకూరుస్తాం. చీటీ రంగు చూడడానికి ఆ కుర్రవాణ్ణి కూడా వెంటబెట్టుకుని రావలెను.

ఇట్లు,
తమ వారంటీ పరిధిలోకి రాని విధేయుడు