క్యాన్సర్ పరీక్ష పిలుపులో ఎవరు మిగిలిపోతున్నారు?

విజయవాడ, గుంటూరుల్లో ఆసుపత్రి గోడల మీద, వార్డు సచివాలయాల నోటీసు బోర్డుల మీద ఆడవాళ్ల క్యాన్సర్ పరీక్షల గురించి రాసే రాతలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. ‘30 సంవత్సరాలు పైబడిన వివాహిత మహిళలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిర్ధారణ పరీక్షలు చేయించుకోవలెను’ అన్న తరహాలో. వ్యాకరణం పరంగా ఏ తప్పూ లేదు. కానీ మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే కూలీకి ఇందులో తనకు సంబంధించింది ఏముందో తెలియదు. గర్భాశయ ముఖద్వారం, అంటే గర్భసంచి మూతి, తన ఒంట్లో ఎక్కడుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ‘నిర్ధారణ’ అనగానే, జబ్బు ఉందని ఖాయం చేయడానికే పిలుస్తున్నారని భయపడుతుంది. భర్త వదిలేసి వెళ్లిపోయిన ఆమెకైతే ‘వివాహిత’ అన్న దగ్గరే సందేహం మొదలవుతుంది.

పశ్చిమ దేశాల్లో ఇదే విషయం మీద కొన్నేళ్లుగా పెద్ద గొడవే నడుస్తోంది. అక్కడ వివాదమంతా ‘మహిళ’ అన్న మాట చుట్టూ. 2020లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తన కొత్త మార్గదర్శకాల్లో ‘మహిళలు’ అనకుండా ‘గర్భాశయ ముఖద్వారం ఉన్న వ్యక్తులు’ అని రాసింది. స్త్రీ శరీరంతో పుట్టి పురుషులుగా జీవిస్తున్న ట్రాన్స్ పురుషులు కూడా పరీక్షకు రావాలన్నది ఆ మాట వెనకున్న ఉద్దేశం. 2021 సెప్టెంబర్‌లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ‘యోని ఉన్న దేహాలు’ అన్న మాటను ముఖచిత్రం మీద వేసింది. మమ్మల్ని అవయవాల స్థాయికి దించారని చాలామంది మహిళలు మండిపడ్డారు. ఆ పత్రిక సంపాదకుడు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

ఈ గొడవలో రెండు వైపులా న్యాయం ఉంది. ట్రాన్స్ పురుషుల సమస్య ఊహించుకున్నది కాదు. బ్రిటన్‌లో డాక్టర్ దగ్గర పురుషుడిగా నమోదైన మనిషికి ఈ పరీక్షకు రమ్మనే ఉత్తరం దానంతటది రాదు. శరీరంలో ఆ భాగం ఉన్నా పిలుపు అందదు. మరోవైపు, ఆ అవయవం పేరే తెలియని వాళ్లకు ఆ పేరుతోనే పిలుపు పంపితే అది వాళ్లకు పిలుపే కాదు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశంలోనే ఆ మాట అర్థం కాని ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటిది మన దగ్గర సంస్కృత సమాసం చేసి గోడకెక్కిస్తే దాన్ని ఎవరు చదువుతారు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు 0.9 శాతం. ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు వేసే గ్లోబోకాన్ అంచనాల్లో 2022లో మన దేశంలో కొత్తగా 1,27,526 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, 79,906 మంది చనిపోయారు. 2030కల్లా 70 శాతం మంది మహిళలకు పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. ఆ సర్వే నాటికి మనం రెండు శాతం దగ్గరున్నాం. ఇందులో పరికరాల లోపం, సిబ్బంది కొరత, దూరం అన్నీ ఉన్నాయి. అన్నిటినీ భాష మీదకు నెట్టను. కానీ పరీక్ష దగ్గర్లోనే ఉన్నా రాని ఆడవాళ్ల విషయంలో మాత్రం మనం వాడే మాటలను ప్రశ్నించుకోవాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ‘మహిళ’ అన్న మాటను తీసేయాల్సిన అవసరం మనకు లేదు. తీసేయాల్సింది ‘వివాహిత’ని. ఈ క్యాన్సర్‌లో చాలా ఎక్కువ భాగం హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది, అది శారీరక సంబంధం ద్వారా అంటుకుంటుంది. ఆ ముక్క చెప్పడానికి మొహమాటపడి, దానికి బదులుగా ‘పెళ్లయినవాళ్లు’ అంటున్నాం. ఆ మొహమాటంతో ఎంతమంది బయటికి పోతున్నారో చూడండి. పెళ్లి కాకుండా తోడు ఉన్నవాళ్లు, భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు, సెక్స్ వర్కర్లు. వీళ్లలో కొందరికి ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎక్కువ. హెచ్ఐవీతో జీవిస్తున్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లకు 30 దాకా ఆగకుండా 25 ఏళ్ల నుంచే పరీక్ష మొదలుపెట్టమంటోంది. ‘తల్లులారా, గృహిణులారా’ అని మొదలయ్యే కరపత్రం వీళ్లలో ఎవరిని పిలుస్తున్నట్టు? విజయవాడ వన్‌టౌన్‌లో ఉర్దూ మాట్లాడే ముస్లిం ఇళ్లలోకి తెలుగు కరపత్రం ఒక్కటే పంపితే అక్కడ ఎవరిని పిలుస్తున్నట్టు?

ఆంధ్రలో దీనికి మరో ముఖ్యమైన కోణం ఉంది, పశ్చిమ దేశాల చర్చల్లో అది పెద్దగా కనపడదు. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువైందనో, ‘ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అన్న మాటకు భయపడో ముప్పై, ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆమెకు ఈ పరీక్ష కావాలా, వద్దా? సంచితో పాటు మూతినీ తీసేసి, అంతకుముందు క్యాన్సర్ ముందుదశ మార్పులేవీ లేకపోయి ఉంటే మామూలుగా అక్కర్లేదు. మూతిని ఉంచి పై భాగమే తీసే ఆపరేషన్లూ ఉన్నాయి, అలాంటప్పుడు కావాలి. తనకు ఏది జరిగిందో చాలామందికి తెలియదు, ఆపరేషన్ కాగితాలు చూస్తేనే తేలుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ‘సంచే లేదు, నాకింకేం పరీక్షలు’ అనుకుని రొమ్ము పరీక్షను కూడా ఆమె మానేస్తుంది. రొమ్ము పరీక్షకూ గర్భసంచికీ సంబంధం లేదని ఆమెకు చెప్పినవాళ్లుండరు.

కాబట్టి అవయవం పేరుతో పిలవాలన్న ఆలోచనలో మనకు పనికొచ్చేది ఉంది. ఎవరి శరీరంలో ఆ భాగం ఉందో వాళ్లకే పరీక్ష అన్నది శాస్త్రం ప్రకారం నిజం. అయితే ఆ నిజాన్ని మొదటి వాక్యంలోకి కుక్కితే మొదటి వాక్యం చచ్చిపోతుంది. మొదటి వాక్యంలో ‘30 ఏళ్లు దాటిన ఆడవాళ్లందరూ’ అనాలి. ‘గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సర్‌ని ముందే పట్టుకునే పరీక్ష’ అనాలి. ఆ తర్వాత ఎవరైతే ఇది తమకు కాదేమో అనుకుంటారో వాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. ‘పెళ్లి కాకపోయినా, భర్త లేకపోయినా రావచ్చు. గర్భసంచి ఆపరేషన్ అయి ఉంటే కాగితాలు తెచ్చి అడగండి. పురుషుడిగా జీవిస్తున్నా గర్భసంచి మూతి ఉంటే మీకూ ఈ పరీక్ష అవసరం.’ మూడు చిన్న వాక్యాలు. ఏ ఒక్కరి పేరూ తీసేయలేదు, ఏ ఒక్కరినీ వదిలేయలేదు.

ఆ చివరి వాక్యం పోస్టర్ మీద వేయడానికి మన దగ్గర చాలామంది జంకుతారని తెలుసు. అయినా వేయాలి. సుప్రీంకోర్టు 2014లో ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును హక్కుగా ఒప్పుకుంది. 2019 చట్టం వైద్యసేవల్లో వాళ్ల పట్ల వివక్షను నిషేధించింది. ట్రాన్స్ పురుషులు మన సమాజంలో బయటికి కనపడేది తక్కువ, ఇంట్లోనే దాచుకుని బతికేవాళ్లు ఎక్కువ. గడ్డం ఉన్న మనిషి ఆడవాళ్ల ఓపీ వరసలో నిలబడితే ఏమవుతుందో ఎవరైనా ఊహించగలరు. వాళ్లకు పోస్టర్ మీద మాట కన్నా వేరే సమయంలో విడిగా రమ్మనే నర్సమ్మ ఎక్కువ అవసరం. చీటీ మీద పేరు గట్టిగా చదవని అటెండర్ అవసరం. మాట మార్చి మిగతాదంతా అలాగే ఉంచితే వాళ్లకు ఒరిగేది ఏమీ లేదు.

మొత్తానికి రాసినదాని కన్నా నోటి మాట ముఖ్యం. మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళల్లో సుమారు మూడోవంతు మంది చదవలేరు. వాళ్లకు పోస్టర్ అంటే ఆశా కార్యకర్త. ‘అక్కా, కొద్ది నిమిషాల పని. గర్భసంచి మూతికి దూదితో మందు రాస్తారు, తెల్ల మచ్చ వస్తుందేమో చూస్తారు. కోత లేదు, సూది లేదు. లోపల లేడీ సిస్టరే ఉంటుంది’ అని ఆమె చెబితే సగం టెన్షన్ పోతుంది. రాసే మందు పలచని ఎసిటిక్ ఆమ్లం, ఊరగాయల్లో వాడే వెనిగర్‌లో ఉండేదే. ఇది చెప్పడానికి ఆశాకు ముందుగా ఎవరో విడమరిచి చెప్పాలి. పైనుంచి వచ్చిన సర్క్యులర్‌ని చేతిలో పెట్టి ప్రచారం చేయమంటే ఆమె కూడా ‘ముఖద్వారం’ అనే అంటుంది.

అర్థమయ్యేలా చెప్పడం ప్రచారం కోసం మాత్రమే కాదు, అది హక్కు. ఇదే క్యాన్సర్ విషయంలో మన తెలుగు నేల మీద జరిగినది మరిచిపోకూడదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది, 2010లో ఆగింది. హాస్టళ్లలో చదువుకునే పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఆ తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఏమి చేస్తున్నారో ఆ తల్లులకు వాళ్ల భాషలో చెప్పలేదన్నది అసలు గాయం. పరీక్షకు పిలిచేటప్పుడూ అదే వర్తిస్తుంది. వద్దనే హక్కు ఉందని కూడా చెప్పాలి.

ఇక ఫలితం చెప్పే మాట. పిలుపు కన్నా ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుందని నా భయం. ‘పాజిటివ్’ అని రాసి ఇస్తారు. కోవిడ్, హెచ్ఐవీల తర్వాత ఆ మాటకు మన ఇళ్లలో ఒక్కటే అర్థం, జబ్బు ఉంది అని. ఈ పరీక్షలో పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. ఇంకోసారి దగ్గరగా చూడాలి, అవసరమైతే ఆ మార్పు వచ్చిన చోటును అక్కడికక్కడే కాల్చి గానీ గడ్డకట్టించి గానీ నయం చేయొచ్చు అని. వైరస్ చేరినప్పటి నుంచి క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15–20 ఏళ్లు పడుతుంది, అందుకే ముందే చూడమంటున్నారు. ఈ వివరం లేని చీటీ పట్టుకుని ఇంటికెళ్లిన ఆమె గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లాలా, తెలిసిన ఆర్‌ఎంపీ చెప్పిన చోటికి వెళ్లి సంచి తీయించేసుకోవాలా అన్నది ఆ రాత్రి ఇంట్లో మగవాళ్లే తేలుస్తారు. అసలు ఆ మెసేజ్ ముందు చేరేది భర్త ఫోన్‌కో, కొడుకు ఫోన్‌కో. 2019–21 సర్వే నాటికి సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న మహిళలు మన రాష్ట్రంలో సుమారు సగం మందే. అందుకే ఫలితాన్ని మెసేజ్‌లో పంపకూడదు. ‘మీ రిపోర్టు వచ్చింది, ఫలానా రోజు రండి’ అని మాత్రమే పంపాలి, మిగతాది ఆమెను కూర్చోబెట్టి చెప్పాలి. ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళ చేస్తే ఆమే ఎత్తుతుంది అన్నది పరీక్షకు వచ్చిన రోజే ఏఎన్‌ఎం (ఆరోగ్య కేంద్రం నర్సమ్మ) అడిగి రిజిస్టర్‌లో రాసుకోవాలి.